బ్యాంకు ప్రశ్న అడగడం మానేసింది

2024 నవంబరులో హైదరాబాద్ హిమాయత్‌నగర్ ఎస్‌బీఐ శాఖకు 61 ఏళ్ల ఖాతాదారు ఒకరు వచ్చారు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసి 13 లక్షలు తీసుకోవాలన్నారు. ఆయన కంగారు చూసి కౌంటర్లో ఉన్న ఉద్యోగికి అనుమానం వచ్చింది. ఎందుకని అడిగితే సొంత అవసరం అన్నారు. మేనేజర్ అడిగితే స్థలం కొంటున్నానన్నారు. ఇంట్లోవాళ్లతో ఒకసారి మాట్లాడి రండి అని వెనక్కి పంపారు. మళ్లీ వచ్చారు, మళ్లీ అడిగారు. చివరికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాక అసలు సంగతి తెలిసింది. పోలీసులమని చెప్పుకున్న మోసగాళ్లు ఆయన్ను ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో రోజుల తరబడి భయపెడుతున్నారు. 13 లక్షలూ మిగిలాయి.

ఆయన శాఖకు రాకుండా మొబైల్ యాప్ తెరిచి ఉంటే ఏమయ్యేది? డిపాజిట్ రద్దుకు రెండు మూడు నొక్కులు. డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. అక్కడినుంచి ఇంకో ఖాతాకు ఆన్‌లైన్‌లో డబ్బు పంపే ఆర్టీజీఎస్‌కో ఐఎంపీఎస్‌కో ఇంకో రెండు నిమిషాలు. ‘ఎందుకండీ అంత డబ్బు?’ అని అడిగేవారు ఆ దారిలో ఎక్కడా లేరు.

ఇంటర్నెట్ మన బ్యాంకింగ్‌ను ఎంత మార్చిందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2004లో ఆర్టీజీఎస్, 2005లో నెఫ్ట్, 2010లో ఐఎంపీఎస్, 2016లో యూపీఐ వచ్చాయి. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్టీజీఎస్ రాత్రీపగలూ, ఆదివారాలూ పనిచేస్తున్నాయి. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఈ వేగం గురించి మనం ఇరవై ఏళ్లుగా గర్వపడుతున్నాం, గర్వపడదగ్గదే. కానీ ఆ వేగం కోసం బ్యాంకింగ్‌లోంచి ఒక పనిని పూర్తిగా తీసేశారు. డబ్బు కదిలేముందు రెండో మనిషి ఒకరు చూడటమే ఆ పని. దాన్ని తీసేసినవాళ్లు దానివల్ల వచ్చే నష్టాన్ని మాత్రం తమ పద్దులో రాసుకోలేదు, ఖాతాదారు పద్దులో రాశారు. నా అభ్యంతరం నష్టాన్ని ఇలా ఖాతాదారు మీదికి నెట్టడం మీదే.

బ్యాంకు తనకు రెండు చేతులు ఉంచుకుంది

ఏ బ్యాంకు శాఖలోనైనా వోచర్ ఎలా నడుస్తుందో చూడండి. ఒక ఉద్యోగి కంప్యూటర్లో ఎంట్రీ వేస్తారు, ఆయన మేకర్. ఇంకో అధికారి తన సొంత యూజర్ ఐడీతో లాగిన్ అయి సరిచూసి పాస్ చేస్తారు, ఆయన చెకర్. మొత్తం పెరిగేకొద్దీ పాస్ చేసే అధికారి హోదా పెరుగుతుంది. ఎంట్రీ వేసినవారే పాస్ చేయడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఎంత నమ్మకస్తుడైనా, ముప్పై ఏళ్ల సర్వీసున్న హెడ్ క్యాషియరైనా 13 లక్షలు ఒంటిచేత్తో కదపలేరు. ఉద్యోగుల నిజాయితీ మీద శంకతో పెట్టిన నియమం కాదిది. మనిషన్నాక పొరబడతాడు, బెదిరింపుకు లొంగుతాడు, ఒత్తిడిలో తప్పుగా చదువుతాడు. ఈ సంగతి బ్యాంకులకు వందల ఏళ్లుగా తెలుసు.

రిజర్వ్ బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీయే దేశంలో బ్యాంకుల నెట్‌వర్కుకు పునాది వేసింది. 1999లో బ్యాంకులను కలిపే ఇన్ఫినెట్ అనే నెట్‌వర్కు అక్కడే పుట్టింది. ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో అక్కడే మొదలైంది. బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే సందేశాల కోసం తయారుచేసిన ఎస్‌ఎఫ్‌ఎంఎస్‌లోనూ అదే క్రమం ఉంది: ఒకరు సందేశం తయారుచేయాలి, ఇంకొకరు సరిచూడాలి. కంపెనీలకిచ్చే కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లోనూ అంతే. అకౌంటెంట్ ఎంటర్ చేస్తారు, యజమాని తన లాగిన్‌లోంచి ఆమోదిస్తారు.

అంటే ఇంటర్నెట్‌కు మేకర్-చెకర్ పద్ధతి చేతకాదనుకోనక్కర్లేదు. బ్యాంకుకు ఉంది, కంపెనీకి ఉంది. లేనిది 70 ఏళ్ల రిటైర్డ్ టీచరుకు మాత్రమే. శాఖలో శిక్షణ పొందిన ఇద్దరు ఉద్యోగులు కలిసి చేసే పనిని, ఏ శిక్షణా లేని ఒక్క మనిషి భయంతో వణుకుతున్న వేలితో, అవతల ఫోన్లో దొంగ అరుస్తుండగా చేయొచ్చు.

కాగితం రోజుల్లో సామాన్యుడికీ ఈ రెండో చెయ్యి ఉండేది. భార్యాభర్తలు ఖాతాను ‘ఇద్దరూ కలిసి’ నడిపేలా తెరిస్తే చెక్కు మీద రెండు సంతకాలు పడాల్సిందే. ‘ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు’ అన్న పద్ధతి సౌకర్యం కోసం వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చాలా బ్యాంకులు పూర్తి లావాదేవీ హక్కులు ఇచ్చేది ఈ రెండో రకం ఖాతాలకే. రెండు సంతకాల ఖాతాకు యూపీఐ సాధారణంగా రాదు, నెట్ బ్యాంకింగ్ చూడటానికే పరిమితం. జాగ్రత్తగా ఉండదలచుకున్న కుటుంబం ముందు రెండే దారులున్నాయి. భద్రత కావాలంటే ఇంటర్నెట్ వదులుకోవాలి, ఇంటర్నెట్ కావాలంటే రెండో సంతకం వదులుకోవాలి.

ఈ ఎంపిక అవసరమే లేదు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌ను చూడండి. అందులో ఒక పద్ధతిలో కొడుకు దుకాణంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, తండ్రి ఫోన్‌కు అనుమతి అడుగుతూ సందేశం వస్తుంది. ఆయన పిన్ కొడితేనే చెల్లింపు జరుగుతుంది. ఒకరు మొదలుపెట్టి మరొకరు పూర్తిచేసే ఏర్పాటు దేశమంతటా నడుస్తున్న వ్యవస్థలో ఇప్పటికే ఉందన్నమాట. దీన్నే తిరగేసి, తండ్రి తన ఖాతానుంచి 50,000 దాటి పంపితే కూతురు ఆమోదించాలి అనే ఏర్పాటును ప్రతి పొదుపు ఖాతాకూ ఇవ్వడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

చెక్కు చట్టం ఎవరి పక్కన నిలిచింది?

బాధ్యత సంగతికి వద్దాం. 1987లో సుప్రీంకోర్టు కెనరా బ్యాంకు కేసులో ఒక తీర్పు ఇచ్చింది. ఒక కంపెనీలో చెక్కుబుక్కు ఎవరి కస్టడీలో ఉండేదో ఆ అకౌంటెంటే మేనేజింగ్ డైరెక్టరు సంతకం ఫోర్జరీ చేసి 42 చెక్కులతో 3 లక్షల 26 వేలకు పైగా తీసేశాడు. కంపెనీ చాలాకాలం గమనించలేదు, బ్యాంకు పంపిన స్టేట్‌మెంట్లనూ సరిచూసుకోలేదు. అయినా నష్టం బ్యాంకుదేనని కోర్టు తేల్చింది. కారణం సూటిగా ఉంది. దొంగ సంతకమున్న చెక్కు అసలు ఖాతాదారు ఆదేశమే కాదు. ఆదేశం లేకుండా ఖాతాలోంచి డబ్బు తీసే అధికారం బ్యాంకుకు లేదు.

డబ్బు అందుకునే బ్యాంకు విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన క్రాస్డ్ చెక్కును (నగదుగా ఇవ్వకుండా ఖాతాలోనే జమచేయాల్సిన చెక్కును) తన ఖాతాదారు కోసం వసూలు చేసిపెట్టిన బ్యాంకుకు రక్షణ దొరకాలంటే సద్బుద్ధితో, ఏ అజాగ్రత్తా లేకుండా చేసి ఉండాలి. ఆ ఖాతా తెరిచినప్పుడు మనిషిని సరిగా విచారించారా లేదా అన్నదీ అజాగ్రత్త లెక్కలోకే వస్తుంది. అందుకే ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే ఇంకో ఖాతాదారు పరిచయ సంతకం అడిగేవారు. శాఖ మేనేజర్లు దాన్ని ఊరికే అడగలేదు, లేకపోతే రేపు తమ బ్యాంకు చేతినుంచి కట్టాలని అడిగారు.

ఇప్పుడు అదే దొంగతనం ఐఎంపీఎస్‌లో జరిగిందనుకోండి. ఖాతాదారు చేత పిన్ కొట్టించారు కాబట్టి ‘ఆదేశం ఉంది’ అంటుంది పంపిన బ్యాంకు. ‘సరైన ఖాతా నంబరుకే జమ చేశాం’ అంటుంది అందుకున్న బ్యాంకు. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో లబ్ధిదారు పేరు అడిగి కూడా, జమ మాత్రం ఖాతా నంబరు ఒక్కదాన్నే చూసి చేయడం ఏళ్ల తరబడి నడిచింది. నంబరు సరిగా ఇవ్వాల్సిన బాధ్యత పంపినవారిదే అన్నారు. డబ్బు పంపేముందు అవతలి పేరు చూపించే సౌకర్యం తప్పనిసరి కావడానికి 2025 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. నెఫ్ట్ పుట్టిన దాదాపు ఇరవై ఏళ్లకు!

మన దగ్గర ఇంతకాలం ఆధారంగా నిలిచింది రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్. అందులో మంచి మాటలున్నాయి. బ్యాంకు తప్పుంటే ఖాతాదారుకు పైసా నష్టం ఉండకూడదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి, 3 పనిదినాల్లోగా తెలియజేస్తే అప్పుడూ నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే ఖాతాదారు భరించేదానికి పరిమితి ఉంది. బేసిక్ ఖాతాకు 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000, పెద్ద కరెంటు ఖాతాలకు 25,000. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో డబ్బు తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది.

చిక్కంతా ‘అనధికార లావాదేవీ’ అన్న మాటలో ఉంది. మోసపోయి తన చేత్తో పిన్ కొట్టినవారిది ‘అధికార లావాదేవీ’ అయిపోతుంది. ఓటీపీ చెప్పినవారిది ‘నిర్లక్ష్యం’ అవుతుంది, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా వారిదే. 2017లో ప్రధాన భయం హ్యాకింగ్. దొంగలు అప్పటినుంచి సాఫ్ట్‌వేర్‌ను వదిలి మనిషిని హ్యాక్ చేయడం మొదలుపెట్టారు. డిజిటల్ అరెస్ట్, నకిలీ ట్రేడింగ్ యాప్, పార్ట్‌టైమ్ ఉద్యోగం, కొరియర్‌లో డ్రగ్స్... అన్నింటిలోనూ చివరి నొక్కు బాధితుడిదే. కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం ఐ4సీ లెక్కల ఆధారంగా కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం 2023లో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది సుమారు 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. జనం ఒక్క ఏడాదిలో మూడింతలు అజాగ్రత్తగా మారారని ఎవరైనా నమ్ముతారా?

కోర్టులు అప్పుడప్పుడూ ఈ గోడను దాటుతున్నాయి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు వాపసు ఇవ్వబోయి, ఫోన్లో ఎవరో చెప్పిన యాప్ వేసుకుని 94,204 రూపాయలు పోగొట్టుకున్న ఖాతాదారు వెంటనే ఫిర్యాదు చేశారు. ఆ నష్టం ఎస్‌బీఐ భరించాలన్న గువాహటి హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జనవరి 3న సుప్రీంకోర్టు నిరాకరించింది. మంచి తీర్పే. కానీ ఆ డబ్బు పోయింది 2021లో. 94 వేల కోసం హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా ఎంతమంది వెళ్లగలరు?

దొంగ సొమ్ము దిగేదీ ఒక బ్యాంకులోనే

దోచిన డబ్బు ఎక్కడో గాల్లో కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పకుండా ఒక బ్యాంకు ఖాతాలో దిగుతుంది. ఆ ఖాతాను ఎవరో కేవైసీ పత్రాలు చూసి తెరిచారు. వీటినే మ్యూల్ ఖాతాలంటారు. కూలీలు, విద్యార్థులు, అప్పుల్లో ఉన్న చిరు వ్యాపారులు కొద్దిపాటి కమీషన్‌కు తమ ‘కిట్’ను అప్పగిస్తారు. కిట్ అంటే పాస్‌బుక్కు, చెక్కుబుక్కు, డెబిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఖాతాకు లింకైన సిమ్. సిమ్ ఉన్న ఫోన్లో ఎస్‌ఎంఎస్‌లను ఫార్వర్డ్ చేసే యాప్ పెడితే చాలు, ఓటీపీలు కంబోడియాలో కూర్చున్నవాడికి చేరతాయి. ఆ మోస కేంద్రాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి చిక్కుకున్న మన పిల్లలు కొందరు 2024 మే నెలలో విశాఖపట్నం తిరిగొచ్చాక పోలీసులకు చెప్పిన సంగతులు పత్రికల్లో వచ్చాయి.

పెద్ద మొత్తాలకు వ్యక్తిగత సేవింగ్స్ ఖాతా సరిపోదు. ఏదో ట్రేడర్స్, ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని అద్దె ఒప్పందం, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చూపించి కరెంటు ఖాతా తెరుస్తారు. బాధితుడి 13 లక్షలు అందులో పడగానే, ముందే సిద్ధంగా ఉంచుకున్న బల్క్ ఫైలుతో పది పదిహేను ఖాతాలకు చీలుస్తారు. అక్కడినుంచి మూడో వరుసకు. చివర్లో ఏటీఎం, చెక్కు, లేదా యూఎస్‌డీటీ అనే క్రిప్టో కరెన్సీ. మొదటి చీలిక నిమిషాల్లో జరిగిపోతుంది. 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదై, సంబంధిత బ్యాంకులకు వరసగా వెళ్లి, ఎక్కడ ఎంత మిగిలిందో అంత కదలకుండా ఆపుతారు, దీన్నే లియన్ అంటారు. మొదటి గంట దాటితే దొరికేది చిల్లరే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కావడానికి ఆరు నెలలు అక్కర్లేదు, ఇక్కడ అరగంట చాలు.

మ్యూల్ ఖాతా లక్షణాలు బ్యాంకులకు తెలియనివి కావు. నెలల తరబడి కదలిక లేని ఖాతాలో హఠాత్తుగా లక్షలు పడతాయి. పడినదంతా ఆ రోజే ఖాళీ అవుతుంది. ముందు ఒక రూపాయి పంపి పరీక్షిస్తారు. ఒకే ఫోన్‌లోంచి నాలుగు వేర్వేరు పేర్ల ఖాతాలు నడుస్తాయి. ఖాతాదారు చిరునామా కరీంనగర్, లాగిన్ మాత్రం విదేశీ ఐపీ నుంచి. వీటిని పట్టే మ్యూల్‌హంటర్ అనే ఏఐ పరికరాన్ని రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ తయారుచేసి 2024 డిసెంబరులో ముందుకు తెచ్చింది. పరికరం ఉంది. లేనిది దాన్ని కసిగా వాడాల్సిన అవసరం. మ్యూల్ ఖాతా వల్ల అందుకున్న బ్యాంకుకు నష్టమేమీ లేదు. పైగా అదొక కొత్త కరెంటు ఖాతా, శాఖ టార్గెట్‌లో ఒక అంకె. ఆ ఖాతాలో దిగిన దొంగ సొమ్ములో సగం తన జేబులోంచి కట్టాల్సి వస్తుందని తెలిసిన మర్నాడు ఆ బ్యాంకు కరెంటు ఖాతా తెరిచే పద్ధతి మారిపోతుంది. 131వ సెక్షన్ చేసిన పని అదే.

బ్రిటన్ ఈ పని చేసింది. 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి సొంత చేత్తో పంపిన డబ్బును 85,000 పౌండ్ల దాకా, మామూలుగా 5 పనిదినాల్లో బ్యాంకులు తిరిగి ఇవ్వాలి. ఆ భారం పంపిన బ్యాంకుకు సగం, అందుకున్న బ్యాంకుకు సగం. బాధితుడు మరీ ఘోరమైన నిర్లక్ష్యం చూపితే మినహాయింపు ఉంది, వృద్ధులు, నిస్సహాయుల విషయంలో ఆ మినహాయింపు కూడా లేదు. అదే నెలాఖరు నుంచి, మోసం అనుమానం ఉంటే చెల్లింపును అదనంగా 72 గంటల దాకా ఆపే అధికారం బ్యాంకులకు ఇచ్చారు. సింగపూర్‌లోని పెద్ద బ్యాంకులు 2023 నవంబరు నుంచి మరో పద్ధతి తెచ్చాయి. ఖాతాలో కొంత డబ్బుకు తాళం వేసుకోవచ్చు. ఆ తాళం ఆన్‌లైన్‌లో తేలిగ్గా తెరుచుకోదు, శాఖకో ఏటీఎంకో స్వయంగా వెళ్లాలి. ఇంటర్నెట్‌కు అందనంత దూరంలో డబ్బు పెట్టుకోవడాన్ని అక్కడ కొత్త సౌకర్యంగా అందిస్తున్నారు.

ఆపడం చేతకాని వ్యవస్థేమీ కాదిది

మన వ్యవస్థకు డబ్బును నిలపడం రాదా? కంపెనీలు కొత్తగా షేర్లు అమ్మే ఐపీఓకు దరఖాస్తు చేసినవారికి తెలుసు. అస్బా పద్ధతిలో యూపీఐ మాండేట్ ఆమోదించగానే డబ్బు మన ఖాతాలోనే ఆగిపోతుంది, వడ్డీ కూడా మనకే వస్తుంది. షేర్లు వస్తేనే కదులుతుంది, రాకపోతే విడుదలవుతుంది. షేర్ల కేటాయింపు దాకా రోజుల తరబడి లక్షల మంది డబ్బును వాళ్ల ఖాతాల్లోనే నిలబెట్టగల వ్యవస్థకు, ముక్కూమొహం తెలియని ఖాతాకు వెళ్లే 13 లక్షలను నాలుగు గంటలు నిలబెట్టడం కష్టమా?

చెక్కుల విషయంలో చూడండి. 50,000 దాటిన చెక్కుకు 2021 జనవరి నుంచి పాజిటివ్ పే వచ్చింది. చెక్కు ఎవరి పేరున, ఎంతకు, ఏ తేదీన ఇచ్చారో ఖాతాదారు బ్యాంకుకు మరోసారి చెప్పొచ్చు. కార్డుల విషయంలో 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు ఆన్‌లైన్, విదేశీ వాడకం మొదట ఆగే ఉంటాయి, కావాలన్నవారే తెరుచుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో కొత్తగా యూపీఐ మొదలుపెడితే మొదటి 24 గంటలు 5,000 దాటనివ్వరు. అంటే ఆలస్యం విలువ నియంత్రణ సంస్థలకు తెలుసు. దాన్ని చెక్కుకు, కార్డుకు, కొత్త ఫోనుకు వాడి, జీవితకాల పొదుపు కదిలే అసలు దారిలో వదిలేశారు.

నేను అడిగే ఆలస్యం కొలతలు చెబుతాను. పాల ప్యాకెట్టుకు, బస్సు టికెట్టుకు, ప్రతినెలా కట్టే ఇంటద్దెకు, ఆసుపత్రి బిల్లుకు ఆలస్యం వద్దు. ఎప్పుడూ పంపని ఖాతాకు 50,000 దాటి పంపితే, లేదా డిపాజిట్ రద్దైన రోజే ఆ డబ్బు బయటికి వెళ్తుంటే, లేదా స్క్రీన్ షేరింగ్ నడుస్తుండగా చెల్లిస్తుంటే డబ్బు పంపినవారి ఖాతాలోనే 4 గంటలు ఆగాలి. ఆ లోపు ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకునే వీలుండాలి. 60 దాటినవారికి 24 గంటలు, ముందే ఎంచుకున్న కుటుంబ సభ్యుడికి సమాచారం. యాప్‌లోనే ‘మీకు అర్హత ఉంది’ అంటూ మెరిసే ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్‌కు కూడా ఇదే వర్తించాలి. ఫోన్‌ను దొంగలు అదుపులోకి తీసుకున్న కేసుల్లో ఖాతా ఖాళీ చేసి ఊరుకోవడం లేదు, బాధితుడి పేరుతో లోన్ తీసి దాన్నీ పంపేసుకుంటున్నారు. బాధితుడు ఆ తర్వాత ఏళ్లపాటు ఈఎంఐ కడుతున్నాడు.

దీన్ని వ్యతిరేకించేవారి వాదన నాకు తెలుసు, అందులో బలమూ ఉంది. గల్ఫ్‌నుంచి పంపిన డబ్బు జగిత్యాలలోని ఇంటికి ఇట్టే చేరడం, కూలి పోగొట్టుకుని బ్యాంకు ముందు నిలబడే పని తప్పడం చిన్న మార్పులు కావు. యూపీఐ లావాదేవీల మొత్తంలో మోసాల వాటా స్వల్పమన్నదీ నిజమే. బ్యాంకు కట్టిస్తుందంటే జనం అజాగ్రత్తగా ఉంటారు, కొందరు అబద్ధపు ఫిర్యాదులు చేస్తారు అంటారు. కొత్త ఖాతా, పెద్ద మొత్తం అన్న రెండు షరతులూ కలిసే లావాదేవీలు రోజువారీ చెల్లింపుల్లో చాలా కొద్ది. ఘోర నిర్లక్ష్యానికి మినహాయింపు పెట్టుకోవచ్చు. వాటా స్వల్పమే అయితే ఆ స్వల్పాన్ని భరించడం బ్యాంకులకు భారం కాకూడదు. ఒక కుటుంబానికి మాత్రం అది సర్వస్వం.

ఊళ్లలో సంగతి వేరే. పింఛను, ఉపాధి హామీ కూలి డబ్బు ఆధార్‌తో నడిచే ఏఈపీఎస్‌లో, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పెట్టి తీసుకుంటారు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. ఒక్కో లావాదేవీకి 10,000 దాకా తీయొచ్చు, ఓటీపీ లేదు, పిన్ లేదు. ఆధార్ లింకైన చాలా ఖాతాలకు ఈ తలుపు ఖాతాదారు అడగకుండానే తెరిచి ఉంటుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు నకళ్లు చేసి, వేరేవాళ్ల పేర్లతో వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అదే కిటుకు తర్వాత ఏఈపీఎస్ దొంగలకు పనికొచ్చింది. పొలం కొన్నప్పుడు దస్తావేజు మీద వేసిన వేలిముద్రే బ్యాంకు ఖాతాకు తాళంచెవి అయితే, ఆ తాళం మార్చుకునే వీలు కూడా మనిషికి లేదు. పిన్ మార్చొచ్చు, వేలు మార్చలేం.

ఇదంతా చూస్తుంటే నాకు పదేపదే గుర్తొచ్చేది బ్యాంకు శాఖ. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిననాడు అది ఊరివాళ్ల డబ్బు ఊరివాళ్లకు తెలిసినవారి చేతిలో ఉండే ఏర్పాటు. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. విలీనాల మంచిచెడ్డల జోలికి నేను వెళ్లడం లేదు. శాఖలో ఖాతాదారుల మొహాలు తెలిసిన మనిషి ఉండటాన్ని మనం ఖర్చు కిందే లెక్కవేస్తున్నాం, అదీ నా బాధ. వచ్చిన మనిషిని యాప్ వేసుకోమని పంపేస్తాం. మిగిలిన ఉద్యోగికి ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్ ఇస్తాం. హిమాయత్‌నగర్‌లో ఆ ఉద్యోగి అడిగిన ప్రశ్న ఏ టార్గెట్‌లోనూ లేదు. ఆ రోజు ఆ శాఖ చేసిన అతి విలువైన పని అదే. బ్యాంకులు లెక్కగట్టి పెట్టాల్సిన ఉద్యోగం కూడా అదే: పెద్ద మొత్తం కదిలేముందు ఫోన్ చేసి, ఖాతాదారు మాతృభాషలో, రికార్డు వాయిస్ కాకుండా మనిషి గొంతుతో అడిగే ఉద్యోగం.

నియమాలు మారేదాకా ఇంట్లో చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యూపీఐకి వేరే చిన్న ఖాతా పెట్టుకుని అందులో నెల ఖర్చే ఉంచండి. పొదుపు ఖాతాను ఏ యాప్‌కూ కలపొద్దు. నెట్ బ్యాంకింగ్‌లో రోజువారీ పరిమితిని మీ అవసరం మేరకు తగ్గించుకోండి, చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పెద్ద డిపాజిట్లను యాప్‌లో కాకుండా శాఖలో, ఇద్దరి పేర్లతో, ఇద్దరి సంతకాలూ ఉంటేనే గడువుకు ముందు రద్దయ్యేలా వేయండి. మై ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు. పింఛను తీసుకునేవారికి మాత్రం లాక్ ఎలా తీయాలో ముందే నేర్పండి.

డబ్బు పోతే ముందు బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, వెంటనే 1930కి చేయండి. చేతిలో ఉండాల్సింది లావాదేవీ నంబరు. యూపీఐకి 12 అంకెలు, నెఫ్ట్‌కు 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కు 22. దాంతోపాటు సమయం, మొత్తం, అవతలి ఖాతా వివరం. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి నంబరు తీసుకోండి. తర్వాత శాఖకు వెళ్లి, ఖాతాదారు బాధ్యత మీద రిజర్వ్ బ్యాంకు నియమాలను ఉదహరిస్తూ, లావాదేవీ జరిగిన ఐపీ చిరునామా, ఫోన్ వివరాల లాగ్ కావాలని కోరుతూ రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా ఆ జవాబు సరిగా లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, ఫీజు లేదు. పోయింది పెద్ద మొత్తమైతే ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు బ్యాంకు మీద పరిహారం కోరవచ్చు, 5 కోట్ల దాకా వినే అధికారం ఆయనకుంది. శాఖలో ఇచ్చే ప్రతి కాగితానికీ రెండో ప్రతి తీసుకెళ్లి, దాని మీద తేదీతో బ్యాంకు స్వీకరణ ముద్ర వేయించుకోండి.